తుంటికీలు – చేతికఱ్ఱ



మేము కూర్చుండియే మాటలాడుచున్నందులకు సభవారు మన్నింతురు గాక. అందులకుఁ గారణమైన తుంటికీలును గూర్చియే నేఁడు నాలుగు మాటలు విన్నవింతుము.

సుశ్రుతుఁడు వంక్షణసంధిని ఉలూఖలసంధులలోఁ జేర్చెను. ఉలూఖలమనఁగా రోలు. కటియెముకలోని గుంట రోలు. తొడయెముక గుండ్రనితల అందుఁ దిరుగు పొత్రము. రెంటిపైనను నున్నని మృదులాస్థిపొర యుండును. నడుమనున్న జిగటద్రవము, బండియిరుసునకుఁ గందెనవలె, రాపిడిని మాన్పును. సంధివాతమున ఆ పొర యరిగి పలుచనగును. ఎముకల నడుమ యెడము తగ్గును. అంచుల యెముక ముండ్లవలెఁ బెరుగును.

నొప్పి తఱచుగా గజ్జలోఁ బుట్టును. ఒక్కొక్కప్పుడు మోకాలనే తోఁచును. మేము రెండేండ్లు మోకాలికిఁ దైలము రాచుకొంటిమి. దోషము తుంటిలో నుండెను!

చేతికఱ్ఱ ముసలితనమునకు గుఱుతని సిగ్గుపడితిమి. తుదకుఁ బట్టియు, నొప్పిగల వైపుననే పట్టితిమి. నొప్పిలేని వైపు చేతఁ బట్టిననే తుంటిపై భారము తగ్గునని వైద్యులు తెలిపిరి. దేహభారము తగ్గించుకొనుటయు, తగిన వ్యాయామమును మేలొనర్చును. కీలు మిక్కిలి యరిగినచో శస్త్రచికిత్స కలదు: 1962లో ఇంగ్లండున జాన్ చార్న్లీ లోహపు గుండును, పాలిథీన్ గిన్నెను అమర్చి చూపిన మార్గమే నేఁటి కృత్రిమసంధులకు మూలము.

కావున, ఇంటఁ బెద్దలు కుంటుచున్నచో వయోధర్మమని విడువక వైద్యునకుఁ జూపింపుఁడు. వారు సిగ్గుచేఁ జెప్పరు, మేమును జెప్పలేదు.