స్టిన్స్‌ఫర్డ్ చర్చి మేళం



ఒక ఊరి మేళం ఆగిపోతే ఆ ఊరికి కలిగే నష్టమేమిటి? జవాబు కోసం మనం ఇంగ్లండు నైరుతి భాగాన ఉన్న డార్సెట్ సీమకు పోవలెను. అక్కడ డార్చెస్టరు పట్టణానికి చేరువలో స్టిన్స్‌ఫర్డ్ అనే పల్లె ఉన్నది. సుప్రసిద్ధ నవలాకారుడు థామస్ హార్డీ 1840లో జన్మించినది ఆ చర్చి పరిధిలోని ఒక కుగ్రామంలోనే.

19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఇంగ్లీషు పల్లె చర్చిలలో ఆర్గన్ అరుదు. దానిని కొనగల స్తోమత చాలా పల్లెలకు లేదు. పడమటి వైపున కట్టిన కొయ్య అటకపై ఊరివారే నిలిచి పాడేవారు; ఫిడేళ్లు, క్లారినెట్లు వాయించేవారు. స్టిన్స్‌ఫర్డ్‌లో మాత్రం తంత్రీవాద్యాలకే ప్రాధాన్యం. హార్డీ తాతగారు ఇళ్లు కట్టే మేస్త్రీ. 1837లో మరణించేవరకు ఆ మేళానికి ఆయనే పెద్ద. ఆయన మంద్రస్థాయి వాద్యం వాయించగా, కుమారులు ఫిడేళ్లు పట్టేవారు.

వారికి చెప్పుకోదగిన ప్రతిఫలం లేదు. స్వరాలను తామే చేతితో వ్రాసుకొని పుస్తకాలు కుట్టుకునేవారు. పుస్తకానికి ఒక వైపున దైవగీతాలు. తిరగవేసి తెరిస్తే పెండ్లిండ్లలో వాయించే నాట్యపు వరుసలు! క్రిస్మసు ముందురాత్రి చలిలో ఇంటింటికీ వెళ్లి పాడేవారు.

నాట్యానికి మ్రోగిన ఫిడేలు ఆరాధనకు తగదని చర్చి సంస్కర్తలు తలచినారు. 1842లో పారిస్‌లో హార్మోనియంకు పేటెంటు లభించినది. ఆపైన మేళానికి బదులు ఒక్క మనిషి చాలినాడు. స్టిన్స్‌ఫర్డ్ మేళం అంతకు కొంచెం అటూ ఇటూగా, 1840 ప్రాంతంలోనే, కొత్త మతాచార్యుని కాలంలో ముగిసినది. తండ్రి నోట విన్న ఆ కథనే హార్డీ 1872లో 'అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ' నవలగా మలిచినాడు. అందులోని వాద్యకారులు తిరగబడరు. పండుగదాకా గడువిచ్చి, గౌరవంగా విరమించనిమ్మని మాత్రం వేడుకుంటారు. పలువురి స్థానంలో ఒక్కరిని కూర్చోబెట్టడం వలన ఊరివారికి చర్చిపై గల శ్రద్ధ తగ్గినదని 1896 నాటి పీఠికలో హార్డీ అభిప్రాయపడినాడు.

చిత్రమేమనగా, ఇంగ్లీషు పల్లె చర్చిలో చోటు కోల్పోయిన ఫిడేలు ఆ శతాబ్దిలోనే బాలుస్వామి దీక్షితులు వంటివారి చేతులలో కర్ణాటక సంగీతానికి ఆప్తమైనది. అక్కడ దానిని వెళ్లగొట్టిన హార్మోనియం మన భజనలకూ, నాటకాలకూ, తెలుగు క్రైస్తవ కీర్తనలకూ తోడైనది. కాబట్టి దోషం వాద్యానిది కాదు. దాని చుట్టూ నలుగురు చేరి పాడుతున్నారా, ఊరక వింటున్నారా అన్నదే ప్రశ్న.

నేను పనిచేసే రేడియో సైతం ఒక్కటి మ్రోగి పలువురిని శ్రోతలుగా చేసే సాధనమే. అందుచేత ఈ మాట చెప్పే బాధ్యత నాకు మరింత ఉన్నది. మీ ఊరిలో భజనబృందమో, చర్చి గాయకబృందమో ఉంటే, అది పాడే వేళకు మా పెట్టెను కట్టివేసి అక్కడికి వెళ్లండి. వీలైతే గొంతు కలపండి. సెలవు.