గడీ తర్వాతి కథ



ఎల్లారెడ్డిపేటలో మనం ఎవరి యాదిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ సారు, తన శిష్యులమైన మనకు కథలు చదివి వినిపించిన మనిషి. అందుకే ఈసారి పక్క మండలం గంభీరావుపేట రచయిత పెద్దింటి అశోక్‌కుమార్ గురించి మాట్లాడుతానన్నాను. బతికున్న రచయిత మీద స్మారకోపన్యాసమేందని ఒకరిద్దరు నవ్వారు. పోయినోళ్లను పొగడటానికైతే మనకు తీరిక ఎక్కువే మరి.

కొంచెం వెనక్కి పోవాలి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు దొరలను ఎదిరిస్తూ జైత్రయాత్ర తీశారు. మరుసటి నెలలోనే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ కాలాన్ని కథల్లోకి, 'కొలిమంటుకున్నది' నవలలోకి తెచ్చినవాడు అల్లం రాజయ్య. అక్కడ దొర కళ్లెదుటే ఉంటాడు. ఎవరి మీద తిరగబడాలో జీతగానికి తెలుసు. తర్వాత దొరలుండే గడీలు పాడుబడ్డాయి. దొరలు పట్నం చేరారు. పిల్లగాళ్లు దుబాయికి, మస్కటుకు పోయారు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికే సిరిసిల్లలో నేత కార్మికులు ఉరిపోసుకున్నారు. కష్టం ఊళ్లోనే ఉంది, కష్టపెట్టేవాడే కంటికి ఆనడు. అశోక్‌కుమార్ కథలు పుట్టింది ఇట్లాంటి ఊళ్లలోనే.

ఆయన 'జిగిరి' నవలే చూడండి. గుడ్డెలుగును ఆడించేవాళ్లు మన వాడకట్టుకు రావడం నడివయసు వాళ్లందరికీ యాదికుంటుంది. జడుపు పోవాలని తల్లులు పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు, తాయెత్తులో పెట్టడానికి రెండు వెంట్రుకలు అడిగేవాళ్లు. ముక్కుతాడు బాధ ఎవరికీ పట్టలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1998లో ఎలుగులను ఆడించడాన్నే కేంద్రం నిషేధించింది. చట్టం సరైనదే. ఆ చట్టం ఒక పూరింటి గడప తొక్కితే ఏమవుతుందన్నది నవల. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ, ఎలుగును ఆడించి బతికే ఇమామ్ ఇంట్లో చిచ్చు పెడుతుంది. భార్య బీబమ్మకు, కొడుకు చాంద్‌కు భూమి కావాలి. ఇమామ్‌కు షాదుల్ కావాలి. షాదుల్ అంటే ఆ ఎలుగే.

బీబమ్మను రాతిగుండెదంటూ కోప్పడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఊరూరా అడుక్కునే బతుకు కొడుకుతోనైనా ఆగిపోవాలని ఏ తల్లి కోరుకోదు? ఇమామ్ తప్పని కూడా అనలేం. ఇన్నేళ్లు కూడు పెట్టినదాన్ని ఎట్లా తరిమేస్తాడు? ఆ ఇంట్లో దొర లేడు. కొట్లాట ఒకే కుండలో అన్నం తినే ముగ్గురి మధ్యే.

ఎలుగు కథ అంటే ఇంకొకటి యాదికొస్తుంది. అమెరికాలో విలియం ఫాక్నర్ 1942లో 'ది బేర్' రాశాడు. ఆయనా తన మిసిసిపీ జిల్లానే పేరు మార్చి జన్మంతా రాసుకున్నాడు. అక్కడి ఎలుగు అడవికి పెద్ద, వేటగాళ్లు దాన్ని గౌరవిస్తూనే చంపుతారు. మన షాదుల్‌కు అడవే తెలియదు. అది ఇంటికి పెద్దకొడుకు లెక్క. నన్ను షాదుల్ కథే ఎక్కువ నొప్పిస్తుంది.

నేతపనివాళ్ల బతుకు కూడా అశోక్‌కుమార్ కలానికి కొత్త కాదు. చింతకింది మల్లేశం అనే నేతకారుని కథతో 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమాకు మాటలు ఆయనే రాశారు. మల్లేశం ఆసుయంత్రం చేసింది తల్లి భుజం నొప్పి చూడలేక. నేతకు ముందు నూలును ఆసు పోయడానికి చీర చీరకూ వేలసార్లు చెయ్యి తిప్పాలి ఆమె. ఆసు పోచంపల్లి చీరల పని, మన సాంచాల పని వేరు. ఇక మన కార్ఖానాలో రాత్రిపాళీ చేసే మనిషి మీద కూడా 'జిగిరి' అంతటి నవల రావాలి. అశోక్‌కుమార్ రాసినా సరే, ఈ సభలో వెనక బెంచీల మీద కూర్చున్న పిల్లలెవరు రాసినా సరే, మొదటి ప్రతి కొనేవాణ్ని నేను.