యార్డులో బ్లాకులు ఎందుకు కుంగుతున్నాయి?

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కెట్ యార్డుల్లో, ఊరి రోడ్లలో ఎక్కడ చూసినా ఇప్పుడు సిమెంటు పేవర్ బ్లాకులే. పద్ధతిగా వేస్తే మంచివే. ఒకటి విరిగితే అంతవరకే తీసి మళ్లీ పేర్చుకోవచ్చు. కానీ చాలాచోట్ల ఒక్క వానాకాలానికే గుంటలు పడుతున్నాయి. ఆ గుంటల్లో నీళ్లు నిలిచి మనం ఆరబోసిన వడ్లు తడుస్తున్నాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. నష్టం మనకే.

బ్లాకు నాసిరకం అనుకుంటాం. చాలాసార్లు లోపం దాని కింద ఉంటుంది. లారీ చక్రం బరువును ఒక్క బ్లాకే మోయదు. సందుల్లో బిగిసిన ఇసుక ఆ బరువును పక్క బ్లాకులకు పంచుతుంది. ఇసుక కొట్టుకుపోయినా, అంచున కర్బు రాళ్లు లేకపోయినా బ్లాకులు జరిగిపోయి దేనికది ఒంటరవుతుంది. విడిపోతే ఏమవుతుందో సంఘంలో ఉన్న మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత బరువు మోసేది కంకర పొర, దాని కింది నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దానిమీద మొరం, కంకర తగినంత మందం వేసి రోలర్‌తో తొక్కించాలి. బ్లాకుల కింద ఇసుక 20 నుంచి 40 మిల్లీమీటర్లు చాలు. ఎత్తుపల్లాలను ఇసుకతో పూడిస్తే, ఇసుక మందంగా ఉన్నచోటే కుంగుతుంది.

బ్లాకు మందమూ చూడాలి. 60 మిల్లీమీటర్లది నడకదారికి, తేలిక బండ్లకు. ధాన్యం లారీలు తిరిగే చోట 80, రద్దీ మరీ ఎక్కువైతే 100 కావాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు పదహారు రెట్లని ఇంజనీర్ల లెక్క. బండ్లు తిరిగే చోట చేపముల్లు వరసలో పేరిస్తే బ్లాకులు తేలిగ్గా జరగవు.

కాబట్టి మన ఊళ్లో పని మొదలైతే ఈ నాలుగూ అడుగుదాం:

1. ఎస్టిమేటు కాపీ ఇవ్వాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం.

2. కంకర పొర మందం బ్లాకులు పరవకముందే మన ముందు కొలవాలి. కప్పేశాక ఎవరికి కనిపిస్తుంది?

3. అంచు రాళ్లు, నీళ్లు పోయే వాలు, కాలువ ఉండాలి.

4. సందుల్లో ఇసుక నింపి మెషిన్‌తో అదిమించాలి. ఎన్నాళ్లలోపు పాడైతే కాంట్రాక్టరు బాగుచేయాలో బోర్డు మీద రాయాలి.

మార్కెట్ ఫీజు మన పంట అమ్మకాల మీద వచ్చిన డబ్బే. పని జరిగే రోజు టేపు పట్టుకుని అక్కడ నిలబడదాం. బిల్లు అయ్యాక ధర్నా చేయడం కన్నా అది తేలిక.