హుండీకి తాళం ఉంది, చిట్టాకి?

భోజనాల ముందు మైకు చేతికిచ్చారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోం. కార్యవర్గం తరఫున ఒక తప్పు ఒప్పుకోవాలి, ఒక మాట అడగాలి.

పోయిన చలికాలం ఒక శుక్రవారం సాయంత్రం మన కోశాధికారి గారికి అధ్యక్షుడి పేరుతో ఈమెయిల్ వచ్చింది. మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, ఉద్యోగం పోయిన ఒక కుటుంబానికి అర్జెంటుగా సాయం కావాలి, అయిదొందల డాలర్ల గిఫ్ట్ కార్డులు కొని వెనకున్న నంబర్లు ఫొటో తీసి పంపండి అని. కొన్నారు, పంపారు. మన అధ్యక్షుడు ఆయనకు ఎప్పుడూ "బాబాయ్" అనే రాస్తారు, ఆ మెయిల్లో మాత్రం పేరు పెట్టి పిలిచారు. ఆ తేడా మర్నాటికి గానీ ఎవరికీ తట్టలేదు. డబ్బు ఆయన సొంత జేబులోంచి కట్టేశారు. వద్దన్నాం, వినలేదు. అసలు తప్పు ఆయనది కాదు. సాయం అనగానే మనం ఎంత అని అడుగుతాం గానీ, అడిగేది ఎవరని చూడం. ఆ అలవాటు మేం చేసిందే.

"మనది చిన్న సంఘం, మన జోలికి ఎవరొస్తారు" అన్నారు కొందరు. పెద్దవాళ్ళ సంగతీ అంతే. ఫిలడెల్ఫియాలో పేదలకు ఆహారం పంచే ఫిలబండెన్స్ సంస్థ కొత్త వంటశాల కట్టుకుంటున్న రోజులవి, 2020. దొంగలు వాళ్ళ ఈమెయిల్లోకి దూరి, అసలు కాంట్రాక్టరు ఉత్తరాలు అందకుండా చేసి, అచ్చం అలాంటి బిల్లే పంపారు. దాదాపు 9 లక్షల 23 వేల డాలర్లు పోయాయి. ఈ ఖాతా మీదేనా అని కాంట్రాక్టరుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆగేదేమో.

డబ్బు సంగతి అలా ఉంచండి. సంక్రాంతి సంబరాల్లో జోలె పడితే మళ్ళీ ఎలాగో వస్తుంది. మా భయమంతా చిట్టా గురించి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఉండేది మహా అయితే 60 రోజుల గడువు. ఆ కంగారులో పాస్‌పోర్టు, ఐ-797, పే స్టబ్బులు, ఎస్‌ఎస్‌ఎన్ అన్నీ వాట్సాప్‌లో మన వలంటీరుకు పంపేస్తారు. జీతం ఎగ్గొట్టిన కన్సల్టెన్సీ మీద ఫిర్యాదులు, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పని సంగతులు అందులోనే ఉంటాయి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్నంటూ ఒకడు ఫోన్ చేసి కేసు నంబరుతో సహా చదివితే ఎవరు నమ్మరు? ఆ ఫిర్యాదు వెళ్ళి ఆ యజమాని చేతిలోనే పడితే?

2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి ఇలాంటిదే జరిగింది. యుద్ధాల్లో, వలసల్లో కుటుంబాలకు దూరమైనవాళ్ళు, నిర్బంధంలో ఉన్నవాళ్ళు, మొత్తం 5,15,000 మందికి పైగా జనం వివరాలు దాడి చేసినవాళ్ళకు చిక్కాయి. విడిపోయినవాళ్ళను కలిపే వ్యవస్థనే కొన్నాళ్ళు ఆపుకోవాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ చూసుకుంటుందిలే అనీ అనుకోలేం. 2020లో బ్లాక్‌బాడ్ మీద దాడి జరిగితే, దాన్ని వాడే 13,000కు పైగా సంస్థలు చిక్కుల్లో పడ్డాయి. బ్యాంకు వివరాలు పోలేదని కంపెనీ మొదట చెప్పింది, కొందరివి పోయాయని తర్వాత తేలింది. 2023లో ఎస్‌ఈసీ 30 లక్షల డాలర్లు కట్టించింది.

మనలో సగం మంది ఈ రంగంలోనే ఉన్నాం. ఆఫీసులో పాస్‌వర్డుల గురించి పాఠాలు చెప్తాం. ఇక్కడ మాత్రం ఈ మార్చి దాకా సంఘం జీమెయిల్ పాస్‌వర్డు ఏడుగురికి తెలుసు, అదీ ఉగాది పేరుతో! ఇప్పుడు మార్చాం, రెండో అంచె కోడ్ పెట్టాం. ఏ చెల్లింపుకైనా ఇద్దరు ఒప్పుకోవాలి, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు వినాలి. పాత కాగితాలు చెరిపేస్తూ పోతే, ఎప్పుడో రాజమండ్రి తిరిగి వెళ్ళిపోయిన వలంటీరు ఫోన్లో పదకొండు మంది పాస్‌పోర్టులు బయటపడ్డాయి. పాపం, ఆయనకే గుర్తు లేదు. ఆయన తీసేశారు. ఇంకా ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో మాకు తెలియదు.

అడగాల్సిన మాట అదే. భోజనాలయ్యాక వెనక టేబుల్ దగ్గర మన పిల్లలు ఇద్దరు కూర్చుంటారు. వలంటీర్లంతా ఫోన్లు పట్టుకుని రండి, వాళ్ళు పక్కనుండి పాత ఫైళ్ళు మీచేతే తీసేయిస్తారు. మీ కాగితాలు మన దగ్గర ఉండొద్దనుకునేవాళ్ళు పేరు రాసివ్వండి, కారణం అడగం.