మధుమేహమునకు మూలికలు: పరీక్ష యేల?

  

మేము వైద్యులము గాము. చిరకాలము విద్యార్థులకు సంస్కృతము బోధించి విశ్రమించినవారము. అయినను మధుమేహమునకు మన మూలికలెంతవఱకు పనికివచ్చునో చెప్పుమని కార్యనిర్వాహకులు కోరుటచే నిట నిలిచితిమి. భారత వైద్యపరిశోధనా మండలివారు చేయించి 2023లో ప్రకటించిన గణనము చొప్పున, మన దేశమున నీ వ్యాధిగ్రస్తులు పదికోట్లకు మించియున్నారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములయందలి మన కుటుంబములలో దీని నెఱుగని యిల్లు అరుదని మీకు దెలియును.

ఒక యింట కాకరరసము, వేఱొక యింట నేరేడుగింజల చూర్ణము, మఱొకచోట వేగిస చెక్కగ్లాసులో రాత్రి నిలువయుంచిన నీరు. ఇవి యన్నియు మూఢాచారములని త్రోసివేయువారు కొందఱు. ఇవి యుండగా డాక్టరుగారి మందేల యని సూది, మాత్రలు మానువారు మఱికొందఱు. ఈ యిరువురును పరీక్షింపకయే తీర్పు చెప్పుచున్నారు.

పరీక్ష యనునది మనకు పరదేశమునుండి వచ్చినది గాదు. చరకసంహిత సూత్రస్థానమునందు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి యని పరీక్ష నాలుగు విధములుగా జెప్పబడినది. పెద్దలు చెప్పిరనుట అందొక పాదము మాత్రమే. తక్కిన మూడు పాదములను నెఱవేర్చుట మన విధి.

మొదటి పని ద్రవ్యనిర్ణయము. మేషశృంగి యను పేరును కొందఱు పొడపత్రి తీగకు జెప్పుదురు. మఱికొందఱు వేఱొక చెట్టునకు జెప్పుదురు. పేరొక్కటియై మొక్కలు రెండైనచో, ఒకదాని గుణమును రెండవదానియందు వెదకుట వ్యర్థము గదా!

రెండవది సారగ్రహణము. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు, నేరేడునకు జ్ఞాతియైన మొగి చెట్టు గింజలనుండి నీటితోను, ఆల్కహాలుతోను, హెక్సేనుతోను వేర్వేరుగా సారములు దీసి, మధుమేహము గల్పింపబడిన యెలుకల కిచ్చి చూచి, 2001లో ఫలితములను బ్రకటించిరి. వానిలో నీటిసారము మిక్కిలి పనిచేసెను. గింజ యొక్కటియే, ద్రావకము మారగా ఫలము మారెను. అయినను ఎలుకయందు తగ్గిన చక్కెర మనుష్యునియందును తగ్గునని యంతమాత్రమున జెప్పరాదు.

కావున మూడవది మనుష్యులయందలి పరీక్ష. వైద్యపరిశోధనా మండలివారు వేగిసను క్రొత్తగా వ్యాధి బయటపడినవారికి 12 వారము లిచ్చి, 97 మందిలో 67 మందికి చక్కెర యదుపునకు వచ్చెనని 1998లో దెలిపిరి. సంతోషింపదగిన మాట. కాని యా పరీక్షలో, మందు లేనివారితో బోల్చి చూచుట లేదు. వ్యాధి దెలిసిన మఱునాటినుండి మనుష్యుడు అన్నము తగ్గించును, నడక హెచ్చించును. దాని ఫలమెంత, వేగిస ఫలమెంత యని పోలిక లేనిదే విడదీయజాలము.

మోతాదు సంగతియు నట్టిదే. మనకు సమీపముననే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, జాతీయ పోషకాహార సంస్థ కలదు. అచటి పరిశోధకులు ఇన్సులిను అవసరమైన రోగులకు మెంతులు చేర్చిన యాహారమును, చేర్చని యాహారమును పదేసి దినము లిచ్చి పోల్చిరి. మెంతులతో మూత్రమున బోవు చక్కెర నూటికి 54 వంతులు తగ్గెనని 1990లో బ్రకటించిరి. అయితే వారు దినమునకు వాడినది నూనె దీసిన మెంతిపిండి 100 గ్రాములు! తిరుగమోతలో వేయు చిటికెడు మెంతులకు ఆ ఫలము నారోపింపరాదు.

పరీక్షకు నిలిచిన మూలిక యెంతదూరము పోగలదో వినుడు. ఐరోపాఖండమున గలేగా యను మొక్క గృహవైద్యమున వాడుకలో నుండెను. అందలి గ్వానిడిన్ జాతి పదార్థములు చక్కెరను దగ్గించునని తేలెను. కాని వానిలో విషములును గలవు. ఆ జాతికి జెందిన మెట్‌ఫార్మిన్ 1922లో డబ్లిన్ నగరమున తయారయ్యెను. 1957లో పారిస్ వైద్యుడు జీన్ స్టెర్న్ దానిని రోగుల కిచ్చి ఫలితము బ్రకటించెను. నేడు మనలో ననేకులు భోజనముతో మ్రింగు మాత్ర యదియే. మూలిక దారి చూపెను. పరీక్ష విషమును దొలగించి గుణమును నిలిపెను.

పరీక్ష లేనిచోట మోసము చొరబడును. 2000 సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, కేవల మూలికలని యమ్మిన గుళికలలో గ్లైబురైడ్, ఫెన్‌ఫార్మిన్ అను రసాయనౌషధములు బయటపడగా ప్రభుత్వమువారు వానిని ఉపసంహరింపజేసిరి. మన దేశమునను, మధుమేహమును నయము చేయుదుమని ప్రకటనలు వేయుట 1954 నాటి చట్టముచే నిషిద్ధము.

కావున మా విన్నపములు మూడు. మొదటిది: ఏ మూలికను వాడదలచినను వైద్యునకు దెలిపి వాడుడు, మూలికయు, మాత్రయు గలిసి చక్కెరను మితిమీఱి తగ్గించిన స్పృహ తప్పును. ఇన్సులినుచే జీవించు బాలునకు, ఎవరేమి చెప్పినను, దానిని మాన్పకుడు. మాన్పిన ప్రాణము దక్కదు. రెండవది: నమ్మకమును గాక రక్తమును అడుగుడు. వాడుటకు ముందును, మూడు మాసముల పిమ్మటను, మూడు మాసముల సగటును దెలుపు రక్తపరీక్ష చేయించి వ్రాసి యుంచుకొనుడు. నారాయణగూడలో ప్రభుత్వ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ మన ముంగిటనే యున్నది. మూడవది పోషకులకు: ఔషధశాస్త్రము జదువు మన బాలబాలికలలో నొక్కరికైనను మూలికాపరిశోధనకై వేతన మేర్పఱచుడు.

పూర్వులు మనకు మూలికల నిచ్చిరి, పరీక్షయు నిచ్చిరి. ఒకదానిని గైకొని రెండవదానిని విడుచుట ఋణము దీర్చుట గాదు.

సర్వే జనాః సుఖినో భవంతు.