ఆడబిడ్డ అయితే?
(రేడియో ప్రసంగ పాఠము)



క్రీస్తు పూర్వము 1వ సంవత్సరములో హిలారియోను అనే ఐగుప్తు దేశస్థుడు, పనికోసం వెళ్లిన అలెక్సంద్రియ నుండి గర్భవతియైన భార్యకు ఉత్తరము వ్రాశాడు. జీతము అందగానే పంపుతాను, దిగులుపడవద్దు అన్నాడు. అదే ఉత్తరములో, మగబిడ్డ పుడితే ఉంచుకో, ఆడబిడ్డయితే పారవేయి అన్నాడు. ఆ దినములలో అది వాడుక. గర్భము పోవుటకు మందులిచ్చేవారు కూడా ఉండేవారు.

అటువంటి లోకములో ఆదిమ సంఘము వేరుగా నిలిచింది. సుమారు క్రీ.శ. 100 ప్రాంతములో వ్రాయబడిన 'డిడాకే', అనగా పన్నెండుమంది అపొస్తలుల బోధ, గర్భస్రావము చేయవద్దనీ, పుట్టిన బిడ్డను చంపవద్దనీ కలిపి నేర్పింది. క్రీ.శ. 177 ప్రాంతములో అథెనగొరాసు, గర్భములోని శిశువు దేవుని సంరక్షణలో ఉన్నదని మార్కస్ ఆరేలియస్ చక్రవర్తికే విన్నవించాడు.

మరి తప్పిపోయిన స్త్రీ మాటేమిటి? పూర్వపు నియమము ఆమెను మరణము వరకు ప్రభువు బల్లకు దూరముగా ఉంచింది. 314లో అంకురలో, అనగా నేటి అంకారాలో, కూడిన సంఘ పెద్దలు దానిని పది సంవత్సరములకు తగ్గించారు. పాపమును పాపమే అన్నారు. తలుపు మాత్రము మూయలేదు.

ప్రియులారా, ఇప్పుడు మన ఇండ్లకు వద్దాము. ఆరేండ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961 మంది ఆడపిల్లలు. 2011లో 939 మందే. స్కానింగులో ఆడా మగా చెప్పకూడదని 1994లోనే చట్టము వచ్చింది. తగ్గినవారంతా గర్భములోనే పోయారని నేను అనను. కాని సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో "మళ్లీ ఆడపిల్లేనా?" అనే నిట్టూర్పు మన సంఘస్థుల ఇండ్లలో వినబడటము లేదా? ఆ మాట విన్న కోడలు రాత్రి ఎలా నిద్రపోతుంది? కట్నము అడిగిన ప్రతి ఇల్లు హిలారియోను ఉత్తరము క్రింద సంతకము పెట్టినట్టే.

అత్తగారూ, మీ మాటతో ఒక బిడ్డ బ్రతుకుతుంది. సంఘ పెద్దలారా, మూడవ ఆడబిడ్డ పుట్టిన ఇంటికి కూడా కృతజ్ఞత కూడికకు సంతోషముగా వెళ్లండి. ఎవరి బలవంతము వల్లనో బిడ్డను పోగొట్టుకొని, ఎవరికీ చెప్పుకోలేక ఏడుస్తున్న సహోదరీ, ప్రభువు నిన్ను త్రోసివేయడు. నమ్మకమైన పాస్టరమ్మ దగ్గర నీ భారము దించుకో.

గర్భములోని బిడ్డను ఎరిగిన దేవుడు తల్లి కన్నీటిని కూడా ఎరుగును. ఆయన మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.