వార్డు సభ్యుని నిత్యకృత్యము

(నూతనముగా ఎన్నికైన గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మీరు ఎన్నికైన మరునాటి ఉదయమే మీ యింటి అరుగు మీదికి జనము వచ్చియుందురు. ఒకరు వీధిదీపము వెలుగుట లేదనియు, ఒకరు కుళాయికి నీరెక్కుట లేదనియు, మరియొకరు ముసలితల్లి పింఛను ఆగిపోయినదనియు, ఇంకొకరు ప్రక్కయింటివారు గోడను జరిపి కట్టినారనియు చెప్పుకొనియుందురు. మీరును ఓట్లడిగిన నోటితోనే "చూతము, చేయింతము" అని అందరికిని మాట యిచ్చియుందురు. ఆ "చేయింతము" అనుమాటను గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఎవరిచేత చేయింతురు? ఏ అధికారముతో చేయింతురు?

మొట్టమొదట తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. వార్డు సభ్యునికి ఒంటరిగా నిలుచున్నప్పుడు ఏ అధికారమును లేదు. సర్పంచికి కార్యనిర్వహణకు సంబంధించిన అధికారములు కొన్ని ఉన్నవి. కార్యదర్శికి కొన్ని ఉన్నవి. మీరు మాత్రము వీధిలో నిలువబడి పారిశుధ్య కార్మికునికి గట్టిగా చెప్పగలరేమో గాని, చట్టప్రకారము ఆజ్ఞాపింపజాలరు. అయితే పంచాయతీ సమావేశములో కూర్చున్నప్పుడు అదే మనుష్యుడు ఊరి డబ్బు ఎట్లు ఖర్చు కావలెనో నిర్ణయించువారిలో ఒకడగును. మీ బలమంతయు ఆ గదిలో, ఆ గంట రెండుగంటల కాలములో ఉన్నది. తక్కిన నెల దినములు ఆ గంటకు సిద్ధపడుటకే.

ఈ ఏర్పాటు నేటిది కాదు. మద్రాసు రాష్ట్రములో 1920లోనే గ్రామ పంచాయతీ చట్టము వచ్చినది. ఆ పిమ్మట ఆంధ్ర ప్రాంతమున 1950 నాటి మద్రాసు చట్టమును, తెలంగాణమున 1956 నాటి హైదరాబాదు చట్టమును అమలులో నుండగా, 1964లో రెండు ప్రాంతములకు ఒకే చట్టము చేసిరి. అంతకు ముందే 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పండితుడు పంచాయతీ రాజ్యమును ప్రారంభించినారు. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అయిదేండ్ల కాలపరిమితిని, స్త్రీలకు మూడవ వంతునకు తగ్గని స్థానములను, 29 విషయముల పట్టికను ఇచ్చినది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి చట్టమును, తెలంగాణలో 2018 నాటి చట్టమును మీకు ఆధారములు. చట్టములు మారినవి గాని, అన్నిటిలోను అధికారము వ్యక్తికి గాక సభకే ఈయబడినది.

ఇక దినచర్య. ఉదయము ఒకసారి మీ వార్డంతయు కాలినడకను తిరిగి రండు. బండి మీద తిరిగినచో ముఱుగు వాసన తెలియదు. ఏ కుళాయి క్రింద గుంట పడి నీరు నిలుచుచున్నది, ఏ చేతిపంపు చప్టా పగిలినది, ఏ స్తంభము మీద దీపము పగలు గూడ వెలుగుచున్నది, ఇట్టివి ఒక చిన్న పుస్తకములో తేదీ వేసి వ్రాసికొనుడు. సమావేశములో "మా వార్డులో నీటి యిబ్బంది మెండుగా ఉన్నది" అనిన సభ్యుని మాట గాలికి పోవును. "ఫలానా తేదీ నుండి పదునొకండు దినములుగా చివరి నాలుగిండ్లకు నీరెక్కుట లేదు" అనిన సభ్యునికి కార్యదర్శి సమాధానము వెదకుకొనక తప్పదు.

మంచినీటి ట్యాంకు సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది, ఏలయనగా ఇచ్చట ఉపేక్ష చేసినచో పసిపిల్లల ప్రాణములకు ముప్పు వచ్చును. బ్లీచింగు పొడి కలిపినారా అని అడిగినచో "కలిపినాము" అనియే సమాధానము వచ్చును. ఎంత కలిపినారని అడుగుడు. మంచి పొడి అయినచో వేయి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాములు కావలెను. అనగా నలుబది వేల లీటర్ల ట్యాంకునకు నూరు గ్రాములు. నీరు కలుషితమై యున్నచో ఇంకను ఎక్కువ పట్టును. గిన్నెలో నీటితో కలిపి, సున్నము అడుగున పేరిన తరువాత పైతేటను ట్యాంకులో పోసి, ఒక గంటసేపైనను ఆగి నీరు వదలవలెను. సంచి మూతి తెరచి నెలల తరబడి ఉంచిన పొడిలో పస యుండదు. తూకము సరిపోయినను ఫలితము సున్న. కావున పరీక్ష ట్యాంకు వద్ద గాక ఊరి చిట్టచివరి కుళాయి వద్ద చేయింపుడు. క్లోరోస్కోపు పెట్టెలోని మందుచుక్కలు వేసినప్పుడు నీరు పసుపు రంగునకు తిరుగవలెను. లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ క్లోరిను మిగిలియుండవలెనని లెక్క. పరీక్ష అయిదు నిమిషముల పని. చదువురాని సభ్యురాలు గూడ రంగును చూచి చెప్పగలదు.

ఇప్పుడు సందిగ్ధముల సంగతికి వత్తము. మిమ్ములను ఎన్నుకొన్నది ఒక వార్డు. మీరు నిర్ణయము చేయవలసినది ఊరంతటికి. ఈ రెండింటికి నడుమ నిత్యము తగవు పుట్టుచుండును.

సిమెంటు కాలువనే తీసికొనుడు. ఎగువ వీధి సభ్యుడు మాటకారి. పట్టుపట్టి తన వీధికి కాలువ మంజూరు చేయించుకొనును. నిధి ఎంత ఉన్నదో అంతవరకు కాలువ కట్టుదురు. అది వార్డు పొలిమేరలో ఆగును. కాలువ ఆగినది గాని నీరు ఆగదు గదా! వెనుక మట్టిలో ఇంకిపోవుచు మెల్లగా వచ్చెడి ముఱుగు ఇప్పుడు నున్నని సిమెంటు మీద పరుగెత్తి వచ్చి దిగువ వీధిలోని చేతిపంపు చుట్టును నిలుచును. ఎగువ వీధిలో సభ్యునికి సన్మానము, దిగువ వీధిలో పిల్లలకు విరేచనములు. ఆ దిగువ వీధి తరచుగా ఏ వీధియగునో నేను చెప్పనక్కరలేదు. మన గ్రామములలో పల్లము ఎవరి వంతుగా వచ్చినదో మీకందరకు తెలియును.

ఈ కాలువ పని తీర్మానమునకు వచ్చిన నాడు ఎగువ వార్డు సభ్యుడు ఏమి చేయవలెను? తన వీధివారు కాలువ కావలెనని ఓటు వేసిరి. వద్దనినచో ద్రోహి యందురు. నా యభిప్రాయము చెప్పెదను: కాలువను ఎచ్చట మొదలుపెట్టవలెనో గాక, ఎచ్చట ముగింపవలెనో ముందు తేల్చుడు. నీరు చేరవలసిన చోటు నుండి, అనగా ఊరి వెలుపలి వాగు గాని ఇంకుడు గుంట గాని ఎచ్చట నున్నదో అచ్చటినుండి పైకి కట్టుకొని రావలెను. అప్పుడు మొదటి యేడు పని దిగువ వార్డులో జరుగును. ఎగువ వీధి వంతు రెండవ యేట వచ్చును. ఎగువ సభ్యుడు తన వీధివారిని అరుగు మీద కూర్చుండబెట్టి ఈ లెక్కను విప్పి చెప్పవలసియుండును. ఇది కష్టమే. కొందరు నమ్మరు. ప్రత్యర్థి "మన కాలువను వారికి ధారపోసినాడు" అని ప్రచారము చేయును. అయినను రెండవ యేట కాలువ వచ్చునన్న మాట తీర్మాన పుస్తకములో ఎక్కించుకొన్నచో, తన వీధివారికి చూపుటకు చేతిలో ఒక కాగితముండును.

డబ్బు సంగతి వచ్చినది గనుక ఒక మాట. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరముల గ్రాంటులో నూటికి అరువది వంతులు మంచినీటికి, పారిశుధ్యమునకు కట్టుబడియుండవలెనని నిర్దేశించినది. తక్కిన నలుబది వంతులు జీతములకు గాక స్థానిక అవసరములకు. ఇట్టి షరతులు తెలియని సభ్యుడు కట్టుబడిన పద్దులోనుండి ఊరి ముందు స్వాగత ద్వారము కట్టింపుమని కోరి నవ్వులపాలగును. ఇక ఇంటిపన్ను పంచాయతీ స్వంత ఆదాయము. దానిని వసూలు చేయుమని చెప్పు సభ్యుడు ఎవరికిని ఇష్టుడు కాడు. మీ యింటి పన్ను మీరు ముందు కట్టి రసీదు తీసికొన్న తరువాతనే ఆ మాట ఎత్తుడు.

అన్నిటికంటె చేదైనది ఆక్రమణల వ్యవహారము. మీ పినతండ్రి కుమారుడు అరుగును వీధిలోనికి మూడడుగులు పెంచి, దాని మీద రేకులు వేసినాడనుకొనుడు. ఎదుటి యింటి ఎడ్లబండియో, ట్రాక్టరో తిరుగదు. వారు అర్జీ పెట్టినారు. పెండ్లిలో, చావులో ఆ యన్నయే మీకు తోడు వచ్చినవాడు. "తమ్ముడూ, నీవు మెంబరువై యుండగా నా అరుగు పడగొట్టింతురా?" అని అడుగును. ఊరకుండినచో రేపు ఊరిలో ఏ యొక్కరి ఆక్రమణను గురించియు మీరు నోరెత్తజాలరు.

అట్టి చోట మీరు న్యాయాధిపతి పాత్ర వహింపకుడు. ఆ యన్న యింటికి మీరే ముందుగా పోయి, నోటీసు రాబోవుచున్నదని చెప్పి, తనంత తానే తీసివేసికొనుటకు గడువు అడిగి తీసికొమ్మనుడు. పిమ్మట సర్వేయరు చేత ఆ వీధి మొత్తమును కొలిపింపుడని సభలో కోరుడు. ఒక్క అరుగును కొలిచినచో పగ, వీధిని కొలిచినచో విధి. చర్చ వచ్చినప్పుడు అతడు మీకు బంధువని మీరే ముందు చెప్పి, ఆ యంశముపై ఓటు వేయక తప్పుకొనుడు. ఆ యింట నాలుగు నెలలు మీకు మంచినీళ్ళిచ్చువారుండరు. అది మాత్రము నేను తప్పింపలేను.

ఇట్లే పంచాయతీ పనులను మీ బావమరది పేరున మీరే కంట్రాక్టు తీసికొనుట. చట్టము దీనిని గట్టిగా నిషేధించినది. పంచాయతీతో కంట్రాక్టు సంబంధమున్న సభ్యుడు సభ్యత్వమునకే అనర్హుడగును. "ఊరిపని, లాభమేమియు లేదు, నాణ్యముగా చేయుదును" అని చెప్పువారిలో నిజాయితీపరులును ఉందురు. కాని ఆ పని చెడినప్పుడు సభలో ప్రశ్నించువాడెవడు?

తీర్మాన పుస్తకమును గురించి చెప్పక ముగింపలేను. సమావేశము జరిగినను జరుగకున్నను, రాత్రివేళ పుస్తకము మీ యింటికి వచ్చును. "కోరము కొరకు ఒక సంతకము" అందురు. తీసికొని వచ్చినవాడు మీకు తెలిసినవాడే, మర్యాదగా అడుగును. పేజీలో సగము ఖాళీగా నుండును. ఆ ఖాళీలో తరువాత ఏమి వ్రాసినను దానికి మీరు సమ్మతించినట్లే. తెలంగాణలో 2018 నాటి చట్టము చెక్కు మీద సర్పంచితో పాటు ఉప సర్పంచి సంతకమును గూడ కోరినది. ఒక్క చేతిలో డబ్బు ఉండరాదనుటయే దాని భావము. మీ సంతకమునకును అదే విలువ ఉన్నది. సమావేశములో కూర్చుండి, చదివి, లేదా చదివించుకొని, ఖాళీని గీత గీసి కొట్టివేసి అప్పుడు సంతకము చేయుడు. మీ అభిప్రాయము వేరైనచో "అసమ్మతి" అని వ్రాయించుడు. ఈ పనికి ధైర్యము కావలెనని కొందరందురు గాని, మొదటి సమావేశమునుండియే చేసినచో అది అలవాటుగా సాగిపోవును. మూడవ యేట మొదలుపెట్టినచోనే కయ్యమగును.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మాట. మన రెండు రాష్ట్రములలోను చట్టప్రకారము సగము స్థానములు మీవి. అయినను కొన్ని చోట్ల కుర్చీలో భర్త కూర్చుండును, సంతకము మాత్రము భార్య యింటి వద్ద చేయును. ఆ సంతకమునకు రేపు జవాబు చెప్పవలసినది భర్త కాదు. మీతో సమావేశమునకు వచ్చిన పెద్దమనిషిని బయటి అరుగు మీద కూర్చుండుమని కార్యదర్శి చెప్పవలెను. ఆయన చెప్పకున్నచో సాటి సభ్యురాండ్రందరు కలిసి చెప్పుడు. ఒక్కతె చెప్పినచో ఇంట తగవగును, అయిదుగురు చెప్పినచో ఊరి పద్ధతి యగును. నీటి కుళాయి ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు ఆగునో సభలో నిజముగా ఎరిగినవారు మీరే.

ఇక మీకు ఓటు వేయనివారు. వారు మీ యరుగు మీదికి రారు. వారి వీధిదీపము ఆరినను చెప్పరు. ఉదయపు నడకలో వారి గుమ్మము ముందు కొంచెము ఎక్కువసేపు ఆగి కుశలమడుగుడు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరుగునవి కావు. కావున ఆ గుమ్మము వద్ద ఆగుటకు మీరు ఎవరి అనుమతియు పొందనక్కరలేదు.

వచ్చు సమావేశపు నోటీసు మీకు అందగానే, చర్చనీయాంశముల జాబితాలో మీ వార్డు సమస్య ఉన్నదా యని చూచికొనుడు. లేనిచో ఒక తెల్లకాగితము మీద నాలుగు పంక్తులు వ్రాసి కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకము, తేదీ తీసికొనుడు. ఆ నకలును భద్రపరచుకొనుడు. గ్రామ సభలో, అనగా ఓటర్ల జాబితాలోనున్న ఊరివారందరు కూడిన సభలో, "మా మాట ఏమైనది?" అని ఎవరైనను నిలదీసినప్పుడు, లేచి నిలువబడి చదువుటకు అది ఉపయోగపడును.